సీటు ఖాయం, క్లాసులు ఇంకా మొదలవలేదు: ఈలోగా లా సిలబస్ చదివేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: లాసెట్ రాశారు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో సీటు వస్తుందన్న నమ్మకం ఉంది. బీకాం దాకా తెలుగు మీడియం. క్లాసులు మొదలవడానికి ఇంకా రెండు మూడు నెలలు ఉంది. కాంట్రాక్టులు, రాజ్యాంగం, కుటుంబ చట్టం, టార్ట్స్ (నష్టపరిహారం అడగదగ్గ సివిల్ తప్పులు) ఇప్పుడే చదివేస్తే మిగతావాళ్లకంటే ముందుంటానా అని అడిగారు. మీ అక్క వాడిన పాత గైడ్లు పనికొస్తాయా, నల్లకోటు ఇప్పుడే కుట్టించుకోవాలా అని కూడా అడిగారు. కోటు సంగతి ఆఖర్న చెప్తాను.

ముందు జవాబు. సిలబస్ చదవకండి. చట్టాన్ని ఎలా చదవాలో నేర్చుకోండి. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, దాని ఖరీదు మొదటి సెమిస్టర్లో చెల్లించాను.

నేను జిల్లా కోర్టులో 22 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా సివిల్ దావాలు, చెక్‌బౌన్స్ కేసులు. మధ్యలో కొన్నేళ్లు వారానికి రెండు రోజులు ఒక లా కాలేజీకి వెళ్లి కాంట్రాక్టు చట్టం చెప్పాను. అంటే ముందే చదువుకుని వచ్చినవాళ్లనీ, ఏమీ తెలియకుండా వచ్చినవాళ్లనీ ఇద్దరినీ దగ్గర్నుంచి చూశాను.

నా కథ చెప్తాను. సీటు వచ్చిందని తెలిసిన మర్నాడే ఒక గైడు కొనుక్కుని రెండు నెలలు రుబ్బాను. ఆఫర్ అంటే ఏమిటి, ప్రతిఫలం (ఇచ్చిన మాటకి బదులుగా అవతలివాడు చేసేది) ఎన్ని రకాలు, నిర్వచనాలన్నీ నోటికి వచ్చేశాయి. క్లాసులో మాస్టారు ఏది అడిగినా ముందు చెయ్యి లేపేది నేనే. ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రాబ్లమ్ వచ్చింది. ఒకాయన కలెక్టరు చెప్పాడని సొంత డబ్బుతో ఊళ్లో బజారు కట్టించాడు. అందులో దుకాణాలు పెట్టుకున్న వ్యాపారులు అమ్మకాల మీద కమిషన్ ఇస్తామని ఆయనకి మాటిచ్చారు, తర్వాత ఎగ్గొట్టారు. ఆయన దావా వేస్తే గెలుస్తాడా?

నాలుగు పేజీలు రాశాను. ప్రతిఫలం నిర్వచనం, గత ప్రతిఫలం, వర్తమాన ప్రతిఫలం, భవిష్యత్ ప్రతిఫలం, మినహాయింపులు, అన్నీ. గెలుస్తాడని తేల్చాను. పదికి రెండు మార్కులు వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర సిరాతో మూడే మాటలు: "ఎవరి కోరిక మీద?"

కాంట్రాక్టు చట్టం 2(డి) మొదలయ్యేదే ఆ మాటతో. మాట ఇచ్చినవాడి కోరిక మీద చేసిన పనే ప్రతిఫలం అవుతుంది. బజారు కట్టించింది కలెక్టరు కోరిక మీద, వ్యాపారుల కోరిక మీద కాదు. కాబట్టి వాళ్ల మాటకి ప్రతిఫలం లేదు, దావా నిలవదు. 1880 నాటి దుర్గాప్రసాద్ వర్సెస్ బల్దేవ్ కేసు ఇది. ఆ సెక్షన్ నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అయినా అందులో మొదటి నాలుగు మాటలు నేను ఎప్పుడూ చదవలేదు, పలికానంతే.

గైడుతో ముందస్తు చదువులో వచ్చే చిక్కు ఇదే. గైడు మీకు తేలిపోయిన సంగతి చెప్తుంది, అది ఎలా తేలిందో చెప్పదు. మైనరు ఒప్పందం సంగతి చూడండి. "మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, మొహొరీ బీబీ కేసు, 1903" అని ప్రతి గైడులోనూ ఒక లైను ఉంటుంది. ఇప్పుడు కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ తెరిచి చదవండి. మేజరు అయినవాళ్లు, మతి స్థిమితం ఉన్నవాళ్లు, ఏ చట్టం కిందా అనర్హులు కానివాళ్లు ఒప్పందానికి అర్హులు అని ఉంటుంది. మరి అర్హత లేనివాడు ఒప్పందం చేసుకుంటే? అసలు చెల్లదా, లేక ఆ మైనరు వద్దనుకుంటేనే చెల్లకుండా పోతుందా? సెక్షన్‌లో ఆ ముక్క లేదు. 1872 నుంచి 30 ఏళ్లపాటు మన హైకోర్టులు దాని మీద తలో మాటా చెప్పాయి. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే కుర్రాడు మైనరుగా ఉండగా వడ్డీ వ్యాపారికి ఆస్తి తనఖా పెట్టాడు. అతను మైనరని వ్యాపారి తరఫున వ్యవహారం నడిపిన అటార్నీకి తెలుసు. మొహొరీ బీబీ కేసు అంటే ఆ తగువే. అది అప్పట్లో మనకి ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాక గానీ ఆ ఖాళీ పూడలేదు. ఆ ఖాళీ చూసినవాడికి కేసు ఎందుకు చదవాలో ఒకరు చెప్పక్కర్లేదు. గైడు లైను చదివినవాడికి అది ఇంకో పేరు, ఇంకో సంవత్సరం.

ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సగం తెలిసినవాడు క్లాసులో వినడు. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు వేసవి అంతా వీడియోలు చూసి మొదటి సెమిస్టర్ మొత్తం పూర్తి చేసి వచ్చాడు. తెలివైనవాడే. మొదటి నెల ఉత్సాహంగా కూర్చున్నాడు, రెండో నెల "ఇది నాకు వచ్చు సార్" అని ముఖం పెట్టాడు, మూడో నెలకి వెనక బెంచీ, ఆ తర్వాత కనపడలేదు. హాజరు తక్కువైందని పరీక్షల ముందు పరుగులు పెట్టాడు (బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి, గుర్తుంచుకోండి). అదే బ్యాచ్‌లో బీఎస్సీ చేసి వచ్చిన ఒక అమ్మాయికి చట్టం గురించి అక్షరం తెలియదు. కానీ ఏది చదివినా పెన్సిల్‌తో చదివేది. "ఇక్కడ 'లేదా' అని ఉంది కదా సార్, మరి రెండూ ఉండాలని మీరెందుకు అన్నారు?" అని నన్నే నిలదీసింది ఒకసారి. పుస్తకం చూస్తే తప్పు నాదే. ఇప్పుడు ఆవిడ నాకు ఎదుటి పక్షం వకీలుగా వస్తే ముందురోజు రాత్రి ఫైలు రెండుసార్లు చూసుకుంటాను.

ఇక మీ అక్క గైడ్ల సంగతి: క్రిమినల్ లా గైడ్లు పక్కన పెట్టేయండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షలు చెప్పేది) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసు నడిపే పద్ధతి చెప్పేది) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. నంబర్లన్నీ తారుమారయ్యాయి. హత్యకి శిక్ష 302 కాదు, 103. ముందస్తు బెయిలు 438 కాదు, 482. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయడం లాంటి వాటికి హైకోర్టుకున్న స్వతఃసిద్ధ అధికారాలు, ఇప్పుడవి 528లో ఉన్నాయి. కొత్త చట్టం వచ్చిన కొత్తలో "482 పిటిషన్ వెయ్యి" అని జూనియర్‌కి చెప్పి, అది బెయిలా, కేసు కొట్టేయమనడమా అని అతను తిరిగి అడిగేసరికి నేనే తడబడ్డాను. మోసగాణ్ణి ఫోర్‌ట్వంటీ అని మనం తిట్టే తిట్టు కూడా నిజానికి ఇప్పుడు 318. తిట్టు మాత్రం మారుతుందని నేననుకోను.

అలాగని పాత చట్టం చచ్చిపోలేదు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకి ఐపీసీయే వర్తిస్తుంది, ఆ విచారణలు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. మీరు ప్రాక్టీసులోకి వచ్చేసరికి రెండు నంబర్లూ తెలియాలి. కానీ నేర్చుకోవడం కొత్తదానితో మొదలుపెట్టాలి. కంఠతా పట్టిన పాత నంబరుని బుర్రలోంచి తుడిచి కొత్తది రాయడం ఎంత కష్టమో నా ఈడు వకీళ్లని అడగండి.

కాంట్రాక్టు చట్టం గైడు పాతదైనా పెద్ద ప్రమాదం లేదు. కుటుంబ చట్టం అలా కాదు. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు అనే ఒక్క విషయంలోనే మూడు తేదీలున్నాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకి హక్కు ఇచ్చింది. కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది, పెళ్లయిందా లేదా అన్న తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న తగువుని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఉండక్కర్లేదని. 2018లో అచ్చయిన గైడు ఈ చివరి మాట దగ్గర మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఏ లా పుస్తకం తెరిచినా ముందు ఏ సంవత్సరం ముద్రణో చూడడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి.

మరి ఈ రెండు మూడు నెలలు ఏం చెయ్యాలి?

ఒక బేర్ యాక్ట్ కొనండి. అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న సన్న పుస్తకం. న్యాయ సంహిత తీసుకోండి, చాలు. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా కూడా దొరుకుతుంది కానీ పెన్సిల్ గీతలు పెట్టుకోడానికి కాగితం కావాలి. మొత్తం చదవకండి. రోజుకి ఒక సెక్షన్, ఒక గంట. అవును, ఒక్క సెక్షన్‌కి ఒక గంట.

ఎలాగో చూపిస్తాను. 303వ సెక్షన్, దొంగతనం. తెలుగులో చెప్పాలంటే: ఒక చరాస్తిని మరొకరి స్వాధీనంలోంచి, వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీసుకోవాలనుకుని, అలా తీసుకోవడం కోసం దాన్ని కదిలించినవాడు దొంగతనం చేసినట్టు. ఇప్పుడు దాన్ని ముక్కలు చెయ్యండి. చరాస్తి. స్వాధీనం. సమ్మతి లేకపోవడం. దురుద్దేశం. కదిలించడం. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దొంగతనం లేదు.

ఇప్పుడు ఒక్కో ముక్కనీ గిల్లి చూడండి. "స్వాధీనంలోంచి" అన్నాడు, "సొంతదారు దగ్గర్నుంచి" అనలేదు. ఎందుకు? కింద ఉన్న ఉదాహరణలు చూడండి. వాచీ బాగుచేసిన మనిషికి డబ్బులివ్వాలి, అవి ఇచ్చేదాకా వాచీ ఇవ్వనని ఆయన పెట్టుకున్నాడు. వాచీ యజమాని దాన్ని దొంగచాటుగా పట్టుకుపోతే అది దొంగతనమే. తన సొంత వాచీని తనే దొంగిలించినట్టు! రోడ్డు మీద ఎవరి స్వాధీనంలోనూ లేని ఉంగరం దొరికి జేబులో వేసుకుంటే అది దొంగతనం కాదు, వేరే నేరం కావచ్చు.

"కదిలించడం" చూడండి. ఇంటికి పట్టుకుపోనక్కర్లేదు. పక్కవాడి స్థలంలో చెట్టు నేలకి అంటుకుని ఉన్నంతసేపు చరాస్తి కాదు. తీసుకుపోదామని దురుద్దేశంతో నరికాడనుకోండి, నేల నుంచి విడిపోయిన ఆ క్షణంలోనే దొంగతనం పూర్తయిపోయింది, బండి ఇంకా రాకపోయినా సరే. పక్కింటి కుక్కని కాజేద్దామని జేబులో ఎర పెట్టుకుని నడిచాడు, కుక్క వెంట రావడం మొదలుపెట్టింది. అక్కడికి దొంగతనం అయిపోయింది. 160 ఏళ్ల కిందట ఐపీసీలో రాసిన ఈ ఉదాహరణలు కొత్త చట్టంలోనూ ఉన్నాయి. వాటిని వదిలేసి నిర్వచనం మాత్రం చదవడం అంటే పనసకాయ తొక్క నాకి రుచి చెప్పడమే.

అదే సెక్షన్ చివర్లో ఒక ప్రొవైజో (షరతులతో కూడిన మినహాయింపు) ఉంది, పాత చట్టంలో లేనిది: సొమ్ము విలువ 5000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవాడై, సొమ్ము గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. ఇందులో ఎన్ని షరతులున్నాయో, వాటి మధ్య "మరియు" ఉందో "లేదా" ఉందో గీత గీసి చూడండి.

చివరి పావుగంట పుస్తకం మూసేసి మీరే ఒక ప్రాబ్లమ్ కల్పించండి. హాస్టల్లో స్నేహితురాలి సైకిలు అడక్కుండా తీసుకెళ్లి సాయంత్రం తెచ్చి పెట్టేసింది, దొంగతనమా? కల్పించగలిగితే సెక్షన్ అర్థమైనట్టు. నాకు ఎప్పుడూ పనిచేసిన పరీక్ష ఇదొక్కటే. ఇలా 40 సెక్షన్లు అయ్యేసరికి మీ కన్ను మారిపోతుంది. ఆ తర్వాత కాంట్రాక్టు చట్టం ఎవరు చెప్పినా పట్టేస్తారు.

ఇంగ్లిష్ భయం గురించి. మీరు ప్రశ్నలో ఒక్క మాటలో రాశారు గానీ అసలు బెంగ అదేనని నాకనిపించింది. చట్టం ఇంగ్లిష్ వేరు, మాట్లాడే ఇంగ్లిష్ వేరు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకీ చట్టం వాక్యం కొరుకుడుపడదు, ఆ విషయంలో మీరేం వెనకబడి లేరు. అందులో గింగిరాలు తిప్పే మాటలు పాతిక ముప్పైకి మించి ఉండవు. షల్, మే, ప్రొవైడెడ్ దట్, అన్‌లెస్, డీమ్డ్ లాంటివి. వాటిలో రెండు ముందు పట్టుకోండి. ఒక సెక్షన్ "సబ్జెక్ట్ టు" అని మొదలైతే అది వేరేదానికి లోబడి ఉంటానంటోంది. "నాట్‌విత్‌స్టాండింగ్" అని మొదలైతే వేరే చోట ఏమున్నా నా మాటే చెల్లుతుందంటోంది. ఒకటి తల వంచేది, ఒకటి తల ఎగరేసేది. ఈ తేడా తెలియక ఫైనలియర్ దాకా వచ్చినవాళ్లని చూశాను.

వాక్యం పొడుగ్గా ఉంటే కర్త, క్రియ వెతికి కింద గీత గీయండి, మధ్యలో కామాల మధ్య ఉన్నది తర్వాత చూడండి. మన తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఆఖరిదాకా ఓపిగ్గా చదివే గుణం మనకి పుట్టుకతో ఉంది, అది ఇక్కడ అక్కరకొస్తుంది. తర్వాత ఆ సెక్షన్‌ని మీ అమ్మకి అర్థమయ్యే తెలుగులో రెండు ముక్కల్లో చెప్పండి. నేను ఇప్పటికీ కక్షిదారుకి చేసే పని అదే. ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో చెప్పలేని వకీలు దగ్గర కక్షిదారు నిలవడు.

లెక్కలు ఇష్టమైతే (బీకాం కదా) చెక్‌బౌన్స్ సెక్షన్ పట్టుకోండి, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 138, దానితోపాటు 142. చెక్కు వెనక్కొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక కట్టడానికి అవతలివాడికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. క్యాలెండర్ ముందు పెట్టుకుని ఏవో తేదీలు వేసుకుని ఆఖరి రోజు ఏదో తేల్చండి. ఒక పెద్దమనిషి బ్యాంకు మెమో వచ్చిన 40 రోజులకి నా దగ్గరికి వచ్చాడు. ఇవాళో రేపో ఇస్తానని అవతలివాడు తిప్పుతుంటే మొహమాటపడి ఊరుకున్నాడట. అప్పటికి చెక్కు గడువు కూడా దాటిపోయింది, మళ్లీ బ్యాంకులో వేసే వీలూ లేదు. క్రిమినల్ కేసు పోయింది, డబ్బు కోసం సివిల్ దావా వేసి ఏళ్లు తిరిగాం. సెక్షన్‌లోని అంకెకి ఉన్న బరువు ఇలాంటివి చూస్తేనే తెలుస్తుంది.

వారానికి ఒక రోజు కోర్టుకి వెళ్లండి. అడగాల్సిన పనిలేదు, కోర్టు హాలు జనానికి తెరిచే ఉంటుంది. అత్యాచారం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు) లాంటి కేసుల విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది, బయటికి వెళ్లమంటే మాట్లాడకుండా వెళ్లిపోండి. ఫోను ఆఫ్ చేసి వెనక బల్ల మీద కూర్చోండి, ముందు వరసలు వకీళ్లవి. జడ్జిగారు వచ్చినప్పుడు లేచి నిలబడండి.

మొదటి రోజు నిరాశపడతారు. సినిమాలో చూసింది ఏదీ ఉండదు. బంట్రోతు పేర్లు పిలవడం, "వాయిదా ఇప్పించండి" అనడం, తేదీ రాసుకోవడం, మధ్యాహ్నం దాకా ఇంతే. రెండో వారానికి సాక్షి బోనెక్కుతాడు. క్రాస్ ఎగ్జామినేషన్ దగ్గర చెవులు రిక్కించండి. ఏం అడిగారన్నది అలా ఉంచి, ఏ ప్రశ్న అడగకుండా వకీలు కూర్చున్నాడో గమనించండి. మూడో వారానికి ఒక కేసు నంబరు రాసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో దాని వాయిదాలు వెనక్కి తిప్పి చూడండి. ఒక మామూలు స్థలం తగాదా ఎన్నేళ్లుగా, ఏ దశలో ఆగి ఉందో కనిపిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ పేరు చెబితే మీ క్లాసంతా ఆవలిస్తారు. మీరు ఆవలించరు, ఎందుకంటే ప్లెయింట్ (దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ (దానికి అవతలివాడి జవాబు), ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన అంశాలు) అంటే మీకు ఆ కోర్టులో చూసిన ఒక ముసలాయన మొహం గుర్తొస్తుంది.

కోర్టు దూరమైతే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు 2022 సెప్టెంబరు నుంచి లైవ్‌లో వస్తున్నాయి. చూడండి గానీ అది పెళ్లి వీడియో చూసినట్టే, పెళ్లికి వెళ్లినట్టు కాదు.

రాజ్యాంగం విషయంలో మాత్రం కొంచెం సడలిస్తాను. పీఠిక, మూడో భాగం, అంటే 12 నుంచి 35 దాకా అధికరణాలు, వ్యాఖ్యానం లేకుండా ఒక్కసారి చదవండి. 19(1)లో ఏయే స్వేచ్ఛలు ఇచ్చారో, వెంటనే 19(2) నుంచి 19(6) దాకా వాటికి ఎక్కడెక్కడ హద్దులు పెట్టారో పక్కపక్కన రాసుకోండి. కేసుల జోలికి పోకండి. కేశవానంద భారతి తీర్పు 700 పేజీలు దాటుతుంది, సరదా పడి తెరిచి, చదువే మానేద్దామా అన్నవాళ్లు ఉన్నారు.

చేత్తో రాయడం. ఇది చిన్న మాటే కానీ చెప్పాలి. డిగ్రీ అయ్యి రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లకి మూడు గంటలు ఆగకుండా రాసే అలవాటు పోయి ఉంటుంది. రోజూ ఒక పేజీ రాయండి, పైన చెప్పిన మీ సొంత ప్రాబ్లమ్‌కి జవాబే రాయండి. మొదటి వాక్యంలో ఎవరు గెలుస్తారో చెప్పి, తర్వాత ఎందుకో చెప్పండి.

ఎవరికైనా ముందస్తు సిలబస్ పనికొస్తుందా అంటే, ఉన్నారు. ఉద్యోగం, చంటిబిడ్డ, ఇంట్లో జబ్బుమనిషి, ఇలా సెమిస్టర్ మొదలయ్యాక గంట కూడా చిక్కదని ఖాయంగా తెలిసినవాళ్లు ఒక సబ్జెక్టు, అదీ కాంట్రాక్టులు, బేర్ యాక్ట్ పక్కన పెట్టుకుని మంచి టెక్స్ట్ పుస్తకంలో సగం దాకా చదువుకోవచ్చు. ఇంటర్ అయ్యి అయిదేళ్ల కోర్సులో చేరే పిల్లలైతే అదీ వద్దు. కథలో, నవలలో, దినపత్రిక సంపాదకీయాలో, ఏదైనా పొడుగ్గా కూర్చుని చదివే అలవాటు చేసుకుంటే చాలు.

ఇంకో హెచ్చరిక. లాలో సీటు వచ్చిందని తెలియగానే మీ బాబాయి పొలం గట్టు తగాదా, పక్కింటావిడ విడాకులు మీ వరండాలోకి వచ్చేస్తాయి. వినండి, సలహా మాత్రం ఇవ్వకండి. నేను మొదటి ఏడాదిలో మా మేనమామకి "ఏం కాదు, నోటీసుకి జవాబివ్వక్కర్లేదు" అని చెప్పాను. ఆయన ఇవ్వలేదు. ఆ మౌనాన్నే పట్టుకుని అవతలి వకీలు ఆయన్ని బోనులో గంటసేపు నిలబెట్టాడు. ఇప్పటికీ మా అత్తయ్య దసరాకి భోజనం పెడుతూ ఆ సంగతి ఎత్తుతుంది.

కోర్టుకి వెళ్లే రోజు తప్ప ఈ పనులన్నీ కలిపి రోజుకి రెండు గంటలకి మించి పెట్టకండి. మిగతా రోజంతా మీది. వకీలుగా ప్రాక్టీసు చెయ్యాలంటే రాయాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామ్‌కి నోట్స్ లేని బేర్ యాక్ట్ హాల్లోకి తీసుకెళ్లనిస్తారు. అక్కడ కూడా పుస్తకం తెరిచి కావాల్సింది పట్టుకోవడం వచ్చినవాళ్లదే పైచేయి. కాబట్టి ఇప్పుడు కొన్న ఆ సన్న పుస్తకంలో పెన్సిల్‌తోనే గీయండి, పెన్ను వద్దు. చెరిపి మళ్లీ గీసే అవసరం చాలాసార్లు వస్తుంది.

నల్లకోటు ఇప్పుడే వద్దు. కాలేజీలో దానితో పని పడేది మూట్ కోర్టుకి (విద్యార్థులు వాదించే ఉత్తుత్తి కోర్టు), అది చాలాచోట్ల ఆఖరి ఏడాదిలో. అప్పటికి కొలతలు మారతాయి. నావి మారాయి.